పిస్టల్ కోసం బాబు కుర్చీ వేసుకున్న సంగతి మీవారికి చెప్పండి

ప్రశ్న: మావారికి లైసెన్స్ ఉన్న పిస్టల్ ఉంది. బుల్లెట్లు నింపి, బీరువా పైన పెడతారు. మొన్న మా ఆరేళ్ళ బాబు బీరువా దగ్గరికి కుర్చీ లాక్కుని, దాని మీద నిలబడ్డాడు. కొడతారేమోనని ఆయనకు చెప్పలేదు. "ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను, ముట్టుకోడు" అంటారాయన. పద్నాలుగేళ్ళ అమ్మాయి కూడా ఉంది. నాది అనవసరపు టెన్షనా?

జవాబు: అనవసరం కాదమ్మా. పిస్టల్ ఎక్కడుందో బాబుకి తెలుసు, అందుకునే ఉపాయమూ దొరికింది. అమెరికాలో 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలను సొరుగులో ఖాళీ పిస్టల్ దాచిన గదిలో ఉంచి చూశారు. దాన్ని కనిపెట్టినవాళ్ళలో చాలామంది చేతిలోకి తీసుకున్నారు, కొందరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. వాళ్ళలో ఎక్కువమందికి తుపాకి జాగ్రత్తలు అంతకుముందే చెప్పినవే. ఆరేళ్ళవాడి మాట మీద భరోసా పెట్టుకోలేం.

కుర్చీ సంగతి ఈ రోజే మీవారికి చెప్పండి. బాబు మీద చెయ్యెత్తనని ముందు మాట తీసుకోండి. దెబ్బ తిన్న పిల్లవాడు ఈసారి ఎవరూ లేనప్పుడు ఎక్కుతాడు. "మీదే తప్పు" అంటే గొడవ అవుతుంది. "వాడు కుర్చీ వేసుకుని నిలబడితే నా గుండె ఆగినంత పనైంది" అనండి.

పిస్టల్ ఖాళీ చేసి తాళం వేసిన ఇనుప పెట్టెలో, బుల్లెట్లు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి ఆయన దగ్గరే ఉండాలి, గోడ మేకుకు కాదు. మ్యాగజైన్ (బుల్లెట్లు నింపే డబ్బా) తీసేస్తే ఖాళీ అయిందనుకుంటారు చాలామంది. ఛాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా బుల్లెట్ కూర్చునే గదిలో) ఒక బుల్లెట్ మిగిలి ఉండొచ్చు. అదీ చూడమనండి. అవసరానికి చేతికి అందదంటారేమో, నంబరు నొక్కితే వెంటనే తెరుచుకునే పెట్టెలున్నాయి. ఆ నంబరు మాత్రం పిల్లల పుట్టినరోజు కాకూడదు.

అమ్మాయి విషయం నన్ను ఇంకా కలవరపెడుతోంది. ఆ వయసులో ఒక అవమానానికో, మార్కులకో ప్రాణం మీద విరక్తి కలగవచ్చు. ఆ ఘడియ చాలాసార్లు గడిచిపోతుంది. చేతికి తుపాకి అందితే గడిచే వ్యవధే ఉండదు. తను దిగులుగా, ముభావంగా ఉంటోందా? అయితే తాళాలు చాలవు. చట్టప్రకారం అప్పగించి, కొన్నాళ్ళు పిస్టల్‌ని ఇల్లు దాటించండి. తనతో కూర్చుని మాట్లాడండి, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

పెట్టె వచ్చేదాకా ఆగకండి. ఈ రాత్రే ఆయన చేత బుల్లెట్లు తీయించి, రెండింటినీ వేర్వేరు చోట్ల తాళం వేయించండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు.