దవడ సర్జన్ కావాలంటే ఎంబీబీఎస్ కోసం ఆగాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఎరువుల దుకాణం నడుపుతాను. మా అమ్మాయి ఐదేళ్ల వయసులో మేడ మెట్ల మీద నుంచి జారిపడితే గడ్డానికి దెబ్బ తగిలింది. కుట్లు వేయించి ఊరుకున్నాం. రెండేళ్లు పోయాక నోరు సరిగా తెరుచుకోవడం లేదని తెలిసింది. ఎనిమిదో ఏట హైదరాబాద్‌లో దవడ కీలుకు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగానే తింటుంది, మాట్లాడుతుంది. గడ్డం మాత్రం కాస్త లోపలికి ఉంటుంది. ఈ ఏడు ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో వచ్చిన ర్యాంకుకు ఎంబీబీఎస్ కన్వీనర్ సీటు రాదు, బీడీఎస్ అయితే వస్తుందంటున్నారు. తనకు చేసిన ఆపరేషన్లే తానూ చెయ్యాలని అమ్మాయి పట్టు. పళ్ల డాక్టర్లు అంత పెద్ద ఆపరేషన్లు చేస్తారా? లాంగ్ టర్మ్‌లో వేసి ఎంబీబీఎస్‌కే ప్రయత్నించమంటారా? గడ్డం సరిచేసే ఆపరేషన్ ఇప్పుడు చేయించుకోవచ్చని డాక్టర్ అన్నారు. చదువుకు అడ్డం కాదు కదా?

జవాబు: మీ అమ్మాయికి ఆపరేషన్ చేసిన డాక్టర్ గారి పాత చీటీ బీరువాలో ఉంటే ఒకసారి తీసి చూడండి. పేరు పక్కన ఏ డిగ్రీ ఉంది? ఎంసీహెచ్ అని ఉంటే ఆయన ప్లాస్టిక్ సర్జన్. ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) అని ఉంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు పదేళ్లుగా మీ ఇంట్లోనే ఉన్నట్టు. నా ఊహ ఎండీఎస్ అనే.

పళ్ల డాక్టర్లు చేస్తారు. అందరూ కాదు. బీడీఎస్ తర్వాత ఎండీఎస్‌లో తొమ్మిది బ్రాంచీలున్నాయి. అందులో ఒకటి ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ. పిల్లలు వాడుకలో ఓరల్ సర్జరీ అంటారు. విరిగిన దవడలు, వంకరగా పెరిగిన దవడలు, బిగుసుకుపోయిన దవడ కీళ్లు, గ్రహణమొర్రి, నోటి కణుతులు, ఇవన్నీ ఈ బ్రాంచీ పనే. మత్తిచ్చి, ఆపరేషన్ థియేటర్‌లో, గంటల తరబడి చేసే పని.

ఎముకల పని పళ్ల వాళ్ల చేతికెలా వచ్చిందని మీకు అనిపించవచ్చు. చెయ్యి విరిగితే ఎముకను వరసకు తెచ్చి కట్టు కట్టొచ్చు, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా చెయ్యి పనిచేస్తుంది. దవడ అలా కాదు. పై పళ్లు, కింది పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. మిల్లీమీటరు తేడా వస్తే రోగికి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. పళ్ల కలయికే ఇక్కడ కొలబద్ద. ఆ కొలబద్దను చదవడం నేర్పేది డెంటల్ చదువే.

మీ అమ్మాయికి జరిగినదాన్నే తీసుకోండి. చిన్నపిల్లలు గడ్డం మీద పడితే ఆ దెబ్బ చెవి ముందున్న కీలు దాకా పోతుంది. కీలులో రక్తం చేరి, క్రమంగా ఎముకగా మారి, కింది దవడను పుర్రెకు అతికించేస్తుంది. దీన్ని యాంకిలోసిస్ అంటారు. చెవిలో చీము ముదిరినా ఇది రావచ్చు. మన దేశంలో చిన్నపిల్లల్లో దవడ కీలు బిగుసుకుపోవడానికి ఎక్కువగా ఇలాంటి దెబ్బలే కారణం. గడ్డానికి కుట్లు వేసి పంపేటప్పుడు కీలును కూడా చూడాలని చాలామందికి తట్టదు. మీ తప్పేమీ లేదు.

ఆ ఆపరేషన్‌లో కొయ్యడం కన్నా మొదట మత్తివ్వడమే గండం. నోరే తెరుచుకోని బిడ్డకు శ్వాసగొట్టం ఎలా వేస్తారు? సన్నని కెమెరా గొట్టంతో ముక్కులోంచి దారి వెతుక్కుంటూ వెళ్లాలి. తర్వాత అతుక్కున్న ఎముకను తీసేసి, ఆ ఖాళీలో కణత దగ్గరి కండరం పొరనో కొవ్వునో పెడతారు. ఎదిగే పిల్లలకు ఒక్కోసారి పక్కటెముక ముక్కను, చివరనున్న మృదులాస్థితో సహా తెచ్చి కొత్త కీలుగా అమరుస్తారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నెలల తరబడి పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య దూర్చి నోరు తెరిపించాలి. బిడ్డ ఏడుస్తుంది, తల్లి మనసు కరిగి ఆపేస్తుంది, కీలు మళ్లీ బిగుసుకుంటుంది. మీ అమ్మాయి ఈరోజు బాగా తింటోందంటే అప్పుడు మీ ఇంట్లో ఎవరో మనసు రాయి చేసుకుని ఆ పుల్లలు పెట్టారన్నమాట. ఆ నెలలు మీ అమ్మాయికి గుర్తుంటే, ఈ బ్రాంచీలో చేరబోయే ఏ విద్యార్థికీ లేని చదువు తనకు ముందే అయిందని నా లెక్క.

ఇక లాంగ్ టర్మ్ సంగతి. అమ్మాయికి ఖచ్చితంగా ఈ పనే కావాలంటే మన దేశంలో తిన్నని దారి బీడీఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీడీఎస్ ఐదేళ్లు, ఎండీఎస్ మూడేళ్లు, మొత్తం ఎనిమిది. ఎంబీబీఎస్ దారిలో అయితే ఐదున్నరేళ్ల తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, ఆపైన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ మూడేళ్లు. అక్కడికి చేరాక కూడా దవడ ఒక భాగమే. కాలిన గాయాలు, తెగిన వేళ్లు, ఇంకా చాలా చూడాలి. లాంగ్ టర్మ్ ఏడాదిని కలిపితే పన్నెండేళ్లు దాటుతుంది. అమ్మాయికి కావలసింది 'డాక్టర్' అన్న పేరు మాత్రమే అయితే లాంగ్ టర్మ్ గురించి ఆలోచించండి, అందులో తప్పు లేదు. కావలసింది దవడ అయితే ఒక ఏడాది వృథా.

కానీ నేను మీ చేత సంతకం పెట్టించే ముందు మీరు అమ్మాయిని ఒక ప్రశ్న అడగాలి. ఓరల్ సర్జరీ పీజీ సీటు రాకపోతే నువ్వు మామూలు పళ్ల డాక్టర్‌గా సంతోషంగా ఉంటావా?

ఇది బెదిరించడానికి కాదు. ఎండీఎస్‌కు నీట్ ఎండీఎస్ రాయాలి. మూడు గంటల్లో 240 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్లకు ఐఎన్ఐ సెట్ వేరుగా ఉంటుంది. గవర్నమెంట్ కాలేజీల్లో బ్రాంచీకి సీట్లు కొన్నే, ఓరల్ సర్జరీ త్వరగా నిండిపోయే బ్రాంచీల్లో ఒకటి. ప్రైవేట్‌లో మేనేజ్‌మెంట్ సీటు అంటే ఆ ఫీజు మీరు ఇప్పుడే విచారించి పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత తెలుసుకుంటే షాపు తాకట్టు దాకా వెళ్లొచ్చు.

నా దగ్గరకు కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయి వచ్చాడు. బీడీఎస్‌లో చేరాడు, మనసేమో ఎంబీబీఎస్ మీద. మొదటి ఏడాది క్లాసులు ఎగ్గొట్టి రహస్యంగా నీట్ రాశాడు. నీట్ రాలేదు, ఫస్ట్ ఇయర్ అనాటమీ పోయింది. నేనే మొదట వాళ్ల నాన్నతో 'చేర్చండి, అలవాటు పడతాడు' అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటుంది. అందుకే ఎవరినైనా బీడీఎస్‌లో చేర్చమనే ముందు ఈ ప్రశ్న అడుగుతున్నాను. బీడీఎస్‌ను ఎంబీబీఎస్ రానివాళ్ల సత్రంలా చూసే పిల్లలు ఆ ఐదేళ్లూ నిలవలేరు.

చదువులో ఏముంటుందంటే, మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి, పళ్ల నిర్మాణం కూడా. మూడో ఏడాదిలో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ. చాలామంది డెంటల్ విద్యార్థులు ఈ రెండింటినీ పాసైతే చాలనుకుని వదిలేస్తారు. మీ అమ్మాయి వదలకూడదు. రేపు పీజీలో క్యాజువాల్టీ డ్యూటీలో రక్తం కారుతూ వచ్చినవాడికి ముందు పన్ను కాదు, శ్వాస చూడాలి.

పీజీ చేస్తున్న పిల్లలతో మాట్లాడితే ఒక సంగతి తెలుస్తుంది. దవడ కీలు ఆపరేషన్లు, వంకర దవడలు సరిచేసే ఆపరేషన్లు రోజూ రావు. రోజూ వచ్చేవి అడ్డంగా మొలిచిన జ్ఞానదంతాలు, బైకు ప్రమాదాల్లో విరిగిన దవడలు. హెల్మెట్ పెట్టుకోకుండా రాత్రి పదింటికి రోడ్డెక్కే కుర్రాళ్లు ఈ బ్రాంచీకి అన్నం పెడుతున్నారని ఒక సర్జన్ నాతో చేదుగా నవ్వుతూ అన్నారు. గుట్కా వల్ల నోరు మూసుకుపోయిన పాతికేళ్ల వాళ్లు, నోటి క్యాన్సర్లు కూడా ఉంటాయి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ల అంగిళ్లలో పుండ్లు ఎన్నో ఏళ్ల నుంచి డెంటల్ వైద్యులకు పాఠాలే.

వంకర దవడల పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి తెలియాలి. కింది దవడ ఎముకలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది. దాన్ని తెగ్గొట్టకుండా ఎముకను అడ్డంగా కాక, పుస్తకం తెరిచినట్టు నిలువున రెండు పలకలుగా చీల్చి ముందుకో వెనక్కో జరిపే పద్ధతిని హ్యూగో ఒబ్‌వెగెసర్ అనే ఆస్ట్రియా సర్జన్ తన గురువు ట్రౌనర్‌తో కలిసి 1957లో వివరించారు. మార్పులు వచ్చినా ఆ మూలం ఇప్పటికీ వాడుకలో ఉంది. అప్పట్లో ఆపరేషన్ తర్వాత పై, కింది దవడలను తీగలతో వారాల తరబడి కట్టేసేవాళ్లు. ఇప్పుడు చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలు వచ్చాయి. కంప్యూటర్‌లో ముందే కోత గీసుకుంటున్నారు. అయినా ఇది ఒంటరి సర్జన్ పని కాదు. క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్ట్ ముందు ఏడాది, ఏడాదిన్నర పళ్లను సర్దుతారు. సర్జరీ తర్వాత మళ్లీ కొన్ని నెలలు. ఒక్కో రోగితో రెండేళ్ల స్నేహం అన్నమాట. తొందరపడేవాళ్లకు ఈ బ్రాంచీ నప్పదు.

కొయ్యకుండా ఉండడం కూడా ఇక్కడ నేర్చుకోవాలి. నోరు తెరిస్తే చెవి ముందు టక్‌మని చప్పుడు, నొప్పి అని వచ్చేవాళ్లలో చాలామందికి ఆపరేషన్ అవసరం ఉండదు. మెత్తని తిండి, వేడి కాపడం, రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు, వ్యాయామాలు. టెన్షన్‌తో నిద్రలో పళ్లు కొరుకుతున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ముందు నిద్ర గురించి చెప్పాలి. అవి చాలకపోతే కీలులోకి రెండు సూదులు గుచ్చి సెలైన్‌తో కడగడం. కత్తి చాలా తర్వాత.

డబ్బు సంగతి మీరు రాయలేదు కానీ అడగాలని ఉందని నాకు తెలుసు. ఎండీఎస్ అయ్యాక మొదటి నాలుగైదేళ్లు చాలామంది కిట్ బ్యాగు వేసుకుని గుంటూరు, తెనాలి, విజయవాడ క్లినిక్‌ల చుట్టూ తిరుగుతారు. జ్ఞానదంతానికి ఇంత, ఇంప్లాంట్‌కు ఇంత అని కేసు లెక్కన ఇస్తారు. పక్కన డెంటల్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఉంటే నెల గడుస్తుంది. పెద్ద ఆసుపత్రిలో సొంతంగా పేరు వచ్చేసరికి వయసు ముప్పై ఐదు దాటొచ్చు. ఆ వయసుకు మీ అమ్మాయి ఇంటర్ స్నేహితులు ఇళ్లు కొనేసి ఉంటారు. అప్పుడు ఇంట్లో ఎవరూ పోలికలు పెట్టకుండా ఉండగలరా అని మీరూ ఆలోచించుకోండి.

అమెరికాలో బంధువులుంటే ఒక హెచ్చరిక. ఇక్కడి ఎండీఎస్‌తో అక్కడ నేరుగా సర్జన్‌గా చెయ్యడం కుదరదు. అక్కడి పరీక్షలు రాసి, మళ్లీ రెండు మూడేళ్లు డెంటల్ డిగ్రీ చేసి, ఆపైన నాలుగేళ్లో ఆరేళ్లో రెసిడెన్సీ. బ్రిటన్, జర్మనీల్లో అయితే ఈ పనికి మెడికల్ డిగ్రీ, డెంటల్ డిగ్రీ రెండూ కావాలి. విదేశమే గమ్యం అయితే ఇక్కడ ఎండీఎస్‌కు మూడేళ్లు పెట్టకుండా ముందే దారి మార్చుకోవాలి.

ఆడపిల్ల రాత్రి డ్యూటీలు చెయ్యగలదా అని పక్కింటివాళ్లు అడుగుతారు. ఎనిమిదేళ్ల వయసులో ఆ ఆపరేషన్ తట్టుకున్న పిల్ల గురించి నేను ఆ ప్రశ్న వెయ్యను.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పని చెయ్యండి. కాలేజీ బిల్డింగు, హాస్టలు చూసి మురిసిపోకండి. ఓరల్ సర్జరీ విభాగానికి వెళ్లి, 'పూర్తి మత్తులో నెలకు ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? పక్కన జనరల్ ఆసుపత్రి ఉందా? యాక్సిడెంట్ కేసులు వస్తాయా?' అని హౌస్ సర్జన్లను అడగండి. వాళ్లు నిజం చెబుతారు, కాలేజీ బ్రోషర్ చెప్పదు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీలున్నాయి. మీకు స్థానిక కోటా ఏ రాష్ట్రంలో వర్తిస్తుందో చూసుకుని, అక్కడివాటినే మొదట పెట్టండి.

చివరగా గడ్డం ఆపరేషన్. నేను డాక్టర్‌ను కాను, కాబట్టి చదువు లెక్క ఒక్కటే చెబుతాను. తనకు గడ్డం ఎముక ఒక్కటే జరుపుతారా, మొత్తం దవడా అన్నది డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. దవడ అయితే ముందు క్లిప్పులకే ఏడాది పైన పడుతుంది, అది క్లాసులకు అడ్డం కాదు. ఆపరేషన్‌ను సంవత్సరాంత పరీక్షల తర్వాతి సెలవుల్లో పెట్టుకోవచ్చు. కొన్ని వారాలు జావ, మెత్తని తిండి. కింది పెదవి కొన్నాళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, మొద్దుబారి ఉండొచ్చు. ఆ విషయం సర్జన్‌తో ముందే విడమరచి మాట్లాడండి. ఆ మాట్లాడే రోజున అమ్మాయిని కూడా లోపలికి తీసుకెళ్లండి. తన ఎక్స్‌రేను తనే పట్టుకుని ప్రశ్నలు అడగనివ్వండి. వీలైతే ఓపీలో ఒక పూట పక్కన కూర్చోబెట్టుకుంటారేమో డాక్టర్ గారినే అడిగి చూడండి. ఆ పూట తిరిగొచ్చాక బీడీఎస్ అంటే ఆప్షన్లు పెట్టేయండి.