ఓకే గురించి మాట్లాడే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన స్పీచ్ చదివాను. ఓకే అనే మాటని ఎంచుకోవడం నాకు బాగా నచ్చింది గానీ, ఆ మొదటి పేరా మాత్రం తీసెయ్యి. అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోని రోజు 'జీరో కిల్డ్' అని రాసేవాళ్లు, అదే ఓకే అయింది అన్నావు కదా, ఆ యుద్ధం మొదలైందే 1861లో. ఓకే అంతకు 22 ఏళ్ల ముందే అచ్చయింది. మాట పుట్టుక గురించి ఎవరేం చెప్పినా ముందు తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. వాట్సాప్ కథలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో ఓ.కె. అని వేసి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని అర్థం కూడా ఇచ్చారు. మరి ఏ, సి రావాలి కదా అని ఎవరైనా అడుగుతారు. అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లకి కావాలని తప్పు స్పెల్లింగు రాసి, మొదటి అక్షరాలు మాత్రం వాడటం ఒక సరదా, అలా అది 'ఓల్ కొరెక్ట్' (oll korrect) అయింది. 'ఆల్ రైట్'ని కూడా అలాగే తప్పు స్పెల్లింగుతో (oll wright) ఓ.డబ్ల్యు. అని రాశారు, దాన్ని ఇప్పుడు ఎవరూ ఎరగరు.

ఇదొక్కటే ఎందుకు నిలబడిందో కాస్త తీరిగ్గా చెప్పు, నీ స్పీచ్‌కి అదే ప్రాణం. 1840 ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మళ్లీ నిలబడ్డాడు. ఆయనది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్, అందుకే 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవాళ్లు, అభిమానులు ఓ.కె. క్లబ్బు పెట్టారు. ఎదుటి పక్షం ఊరుకుంటుందా, ఆయనకి ముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగు రాక 'ఆల్ కరెక్ట్'ని ఓ.కె. అని రాసేవాడని పుకారు లేపింది. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గానీ, ఈ గొడవలో మాట అందరి నోళ్లలో పడింది.

పాత పత్రికలన్నీ తిరగేసి ఇదంతా బయటపెట్టింది అలెన్ వాకర్ రీడ్ అనే అమెరికా భాషా పరిశోధకుడు, 1960లలో. ఆయన పేరు తప్పకుండా చెప్పు. చోక్టా అనే అమెరికా ఆదివాసుల భాష నుంచి వచ్చిందనే వాదం కూడా ఉంది, అడిగితే చెప్పు చాలు.

అర్థాల దగ్గర డిక్షనరీ చదివి వినిపించకు. 'సంబంధం ఓకే అయింది' అంటే ఖాయమైందని, 'సినిమా ఓకే' అంటే అంతంతమాత్రమని, మీ అమ్మ ఫోన్లో 'ఓకే, ఓకే' అంటే ఇక పెట్టెయ్యమని. వీటిని గొంతు మార్చి పలికి చూపించు, కాగితం చూసి చదివితే తేడా తెలీదు.

మార్చి రాశాక ఆదివారం లోపు పంపు, ఇంకోసారి చూస్తాను.

మీ పెదనాన్న