అలప్పుళ నుంచి కొల్లానికి నీటి దారి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మావారు ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశారు. కేరళలో హౌస్‌బోటు బస మా ఇద్దరికీ అంత ఇష్టం లేదు. పగటిపూట మోటారు బోటులో తిరిగితే చాలునని అనుకుంటున్నాము. అలప్పుళ నుంచి కొల్లం దాకా నీటి మీదనే వెళ్లవచ్చునని విన్నాము. బోటు మాట్లాడుకోవడం మేలా, ప్రభుత్వ బోటు ఎక్కడం మేలా? అంతసేపు కూర్చుంటే విసుగు రాదా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మోకాళ్లు సహకరిస్తే ప్రభుత్వ బోటే ఎక్కండి. అలప్పుళ నుంచి కొల్లం నీటి మీద దాదాపు 80 కిలోమీటర్లు. ఇద్దరి కోసం బోటు మాట్లాడుకుంటే అది ఖాళీగా తిరిగి వెళ్లే ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. కేరళ రాష్ట్ర జల రవాణా శాఖ పర్యాటకుల కోసం నడిపే బోటులో మనిషికి ఇంతని టికెట్టు తీసుకుంటే సరిపోతుంది. ఉదయం పదిన్నర ప్రాంతంలో బయలుదేరి, భోజనానికీ టీకీ దారిలో ఆగుతూ, సాయంత్రం ఆరున్నరకు గమ్యం చేరడం దాని పద్ధతి. పర్యాటకులు పలచబడిన నెలల్లో అది రోజూ నడవదు కాబట్టి, అలప్పుళ బస్‌స్టాండుకు దగ్గరలోనే ఉన్న బోటు జెట్టీలో ముందురోజే కనుక్కోండి.

ఈ దారి మూడవ జాతీయ జలమార్గంలో భాగం. 1993లో కొల్లం నుంచి కొట్టాపురం వరకు 168 కిలోమీటర్ల పశ్చిమ తీర కాలువకు ఆ హోదా ఇచ్చారు; 2016 నాటి చట్టంతో దానిని కోళిక్కోడు దాకా పొడిగించారు. మొదటి గంటలో హౌస్‌బోట్ల రద్దీ తప్పదు. తర్వాత కరుమాడి దగ్గర, ఎడమ చేయి విరిగిపోయిన నల్లరాతి బుద్ధుడు ఒడ్డున ఉన్నాడు. స్థానికులు ఆయనను కరుమాడి కుట్టన్ అంటారు. అక్కడి నుంచి కాలువ సన్నబడి, కుడివైపు కొబ్బరి చెట్ల వరుసకు అవతల సముద్రం ఉన్నదన్న సంగతి గాలిని బట్టి తెలుస్తూ ఉంటుంది.

నన్నడిగితే ఈ ప్రయాణంలో కన్నార్పకుండా చూడవలసినది త్రికున్నప్పుళ దగ్గరి లాకు. మన గోదావరి, కృష్ణా కాలువల మీద లాకులు నీటి ఎత్తుపల్లాలను సరిచేయడానికి కట్టినవి. ఇక్కడిదానికి, దక్షిణాన ఉన్న కాయంకుళం సరస్సు ఉప్పునీరు ఉత్తరాన కుట్టనాడు వరిపొలాలలోకి ఎగబాకకుండా చూడడం ముఖ్యమైన పని. బోటు లోపలికి రాగానే వెనుక తలుపు మూసి, రెండు వైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా ఆగి, ముందు తలుపు తెరవడం లాకు పని చేసే తీరు. ఆ కాసేపు ఇంజను హోరు తగ్గుతుంది. సరంగు, లాకు మనిషి గట్టు మీదికీ కిందికీ మాట్లాడుకుంటారు.

లాకుకు కొంచెం ముందు వచ్చే పల్లన దగ్గరే, 1924 జనవరిలో కొల్లం నుంచి అలప్పుళకు వస్తున్న బోటు మునిగి మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ మరణించారు. ఆ బోటులో మోయగలిగినదానికి మించి జనం ఉన్నారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగినది మనం మరచిపోలేదు కదా! బోటు ఎక్కగానే లైఫ్ జాకెట్టు అడిగి తీసుకుని, దాని పట్టీలు బిగించి మరీ వేసుకోండి. సీటు కింద పెట్టుకున్న జాకెట్టు ఎవరినీ కాపాడదు.

ఎండ సంగతి: దక్షిణానికి వెళ్తూ ఉంటారు కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఎండ కుడివైపు నుంచి కొడుతుంది, ఉదయం కుడివైపు, భోజనమయ్యాక ఎడమవైపు కూర్చోండి. కాయంకుళం సరస్సు దాటి చవర వైపు వచ్చేసరికి కాస్త విసుగు పుట్టే మాట నిజమే. అయితే నీండకర దగ్గర సముద్రంతో కలిసే అష్టముడి సరస్సులోకి బోటు సాయంత్రపు వెలుతురులో ప్రవేశిస్తుంది. ఎనిమిది పాయలుగా చీలిన ఈ సరస్సు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో ఉన్నది. ఇక్కడి చిన్న ఆల్చిప్పల వేటకు 2014లో, మన దేశంలోనే మొదటిసారిగా, సుస్థిర చేపల వేటకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు లభించింది. నేను అలప్పుళ నుంచే బయలుదేరమనడానికి ఈ చివరి గంట ఒక కారణం. ఇంకొకటి, మన వైపు వచ్చే శబరి ఎక్స్‌ప్రెస్ కొల్లంలో ఆగుతుంది, అలప్పుళ మీదుగా వెళ్లదు. వెళ్లేటప్పుడు కొట్టాయంలో దిగి బస్సులో అలప్పుళ చేరవచ్చు.

అంతసేపు కూర్చోలేమనుకుంటే అలప్పుళలోనే గంటల లెక్కన చిన్న మోటారు బోటు మాట్లాడుకుని కైనకరి వైపు తిరిగి రండి.

ప్రశ్న: ఫిబ్రవరిలో అలప్పుళ వెళ్లినప్పుడు మా బోటు ఫ్యానుకు గుర్రపు డెక్క చుట్టుకుని రెండు చోట్ల ఆపవలసి వచ్చింది. సముద్రంతో కలిసిన వేంబనాడ్ సరస్సులో ఆ మొక్క ఎలా బతుకుతున్నది? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు వెళ్లిన నెలలో అక్కడ సముద్రపు నీరు లేదు. ఆ సరస్సును ఆనుకున్న కుట్టనాడులో పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉంటాయి. బోటులో కూర్చుని గట్టు మీదుగా చూస్తే వరిచేను మన పాదాల కంటే కింద కనబడుతుంది. 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ పంటను ఉప్పు నుంచి కాపాడడానికి 1970లలో సరస్సుకు అడ్డంగా తణ్ణీర్ముక్కం దగ్గర ఆనకట్ట కట్టారు. సాధారణంగా డిసెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా దాని తలుపులు మూసి ఉంచుతారు. ఆ నెలల్లో దక్షిణపు సగం నిలవ మంచినీటి చెరువైపోయి, పొలాల ఎరువు నీరు కూడా చేరి, గుర్రపు డెక్క విచ్చలవిడిగా అల్లుకుంటుంది. తలుపులు తెరిచాక ఉప్పునీరు లోపలికి వస్తేనే చస్తుంది. ఆ తలుపులు ఎప్పుడు తెరవాలన్నదానిపై రైతులకూ, పోటుతో వచ్చే చేపల మీద బతికే జాలరులకూ ఏటా వాదన జరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా తాతగారి రోజుల్లో బకింగ్‌హాం కాలువ మీద పడవలో మద్రాసు వెళ్లేవారట. ఇప్పుడు మేమిద్దరం మోటారు బోటులో ఆ దారిన వెళ్లగలమా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వెళ్లలేరు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలుపెట్టిన ఆ కాలువ క్రమంగా పెదగంజాం నుంచి మరక్కాణం దాకా, సుమారు 420 కిలోమీటర్లు విస్తరించింది. 1876-78 నాటి ధాతు కరువులో కూలీలతో మద్రాసు నగర భాగాన్ని తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఉప్పు, కట్టెలు నింపిన పడవలను గట్టు వెంట మనుషులు తాడు కట్టి లాగేవారు. రైలు, లారీ వచ్చి సరుకును తీసుకుపోయాయి; తుపానులు గట్లను తెంపి పూడిక నింపాయి; చెన్నైలో రైలు వంతెన స్తంభాలు కాలువలోనే నిలబడ్డాయి. 2008లో దీనిని కలుపుకుని నాలుగవ జాతీయ జలమార్గాన్ని ప్రకటించినా, ఈ భాగంలో బోటు తిరిగే నీరు రాలేదు.

మీకు దగ్గరలో కావాలంటే తడ మండలంలోని భీమునివారిపాలెం నుంచి పులికాట్ మీద ఇరకం దీవికి బోట్లున్నాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ బోటు ఎక్కవచ్చు. పాటు వేళ అక్కడి పాయల్లో నీరు పలచబడుతుంది కనుక, పోటు ఎన్ని గంటలకో కనుక్కుని బయలుదేరండి.