రైడ్ రికార్డుకు చవక ఫోన్ చాలదా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సైకిల్ రైడ్‌ను ఫోన్‌లో రికార్డు చేసుకోవడం గురించే. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్ర: తెల్లవారుజామున నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా సైకిల్ మీద పోయి వస్తుంటాను. దూరం, వేగం, దారి నమోదు కావాలి. బడ్జెట్ పన్నెండు వేలు దాటకూడదు. షాపులో కెమెరా, ర్యామ్ గురించి చెప్తున్నారే గానీ జీపీఎస్ సంగతి అడిగితే ‘అన్నిట్లో ఉంటుంది సార్’ అని తేల్చేస్తున్నారు. ఏం చూసి కొనాలి?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు

జ: షాపువాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. జీపీఎస్ లేని స్మార్ట్‌ఫోన్ ఇప్పుడు దొరకదు. తేడా ఎక్కడంటే, చవక ఫోన్లు చాలావరకు ఎల్1 అనే ఒక్క ఫ్రీక్వెన్సీనే (1575.42 మెగాహెర్ట్జ్) అందుకుంటాయి. కొన్ని మాత్రం ఎల్5ను (1176.45 మెగాహెర్ట్జ్) కూడా అందుకుంటాయి. పక్కపక్కనే మేడలున్న సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిఫలనం వల్లే మీరు రోడ్డు మీద పోతుంటే మ్యాపులో గీత ఇళ్లమీదుగా పోతుంది. అసలు సిగ్నల్‌నూ తిరిగొచ్చినదాన్నీ వేరుచేయడంలో ఎల్5 మెరుగు. అయితే మీరు పోయేది పైన ఆకాశం తప్ప అడ్డేమీ లేని రోడ్డు. అక్కడ మామూలు ఎల్1 ఫోన్ కూడా దాదాపు ఐదు మీటర్ల తేడాలోపే చూపిస్తుంది. నలభై కిలోమీటర్ల పైచిలుకు రైడ్‌కు అది లెక్కలోకే రాదు. కాబట్టి ఎల్5 ఉన్న ఫోన్ అదే ధరకు దొరికితే తీసుకోండి, దానికోసమని రెండు వేలు అదనంగా పెట్టకండి. మన ఇస్రో వారి నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ) విషయమూ అంతే. ఉంటే మంచిదే. లేకపోయినా అమెరికా జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో, బైడూ ఉపగ్రహాలను చాలా ఫోన్లు అందుకుంటాయి.

డబ్బు పెట్టాల్సింది ర్యామ్ మీద. ‘4+4 జీబీ’ అని డబ్బా మీద రాసి ఉంటే అందులో అసలు ర్యామ్ 4 జీబీయే. రెండో నాలుగు స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, దాని వేగం తక్కువ. ర్యామ్ చాలనప్పుడు ఫోన్ వెనకాల నడుస్తున్న యాప్‌లను మూసేస్తుంది, రికార్డు చేస్తున్న యాప్ కూడా ఆ దెబ్బకే పోవచ్చు. అసలు ర్యామ్ 6 జీబీ ఉన్న ఫోన్‌కు మొగ్గు చూపండి.

తర్వాత చూడాల్సింది తెర వెలుగు. ఎండలో తెర కనిపించాలంటే 600 నిట్స్‌కు తక్కువ కాకూడదని మా లెక్క. ప్రకటనల్లో ‘పీక్’ అని వేసే అంకె కొద్దిసేపటికే వర్తిస్తుంది, మామూలు వెలుగు ఎంతో అడగండి. వీలైతే డెమో పీసును షాపు గుమ్మం దాటించి ఎండలో చూడండి. బ్యాటరీ ఈ ధరలో 5000 ఎంఏహెచ్ మామూలే. మెగాపిక్సెళ్ల సంగతి మీ ఫొటోల సరదాకు వదిలేస్తున్నాం.

సెన్సర్ల దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని చవక ఫోన్లలో దిక్సూచి సెన్సర్ ఉండదు. రైడ్ రికార్డుకు దాని అవసరం లేదు, ఎందుకంటే కదులుతున్నప్పుడు దిక్కును జీపీఎస్సే లెక్కగడుతుంది. కూడలిలో ఆగి మ్యాప్ చూస్తే మాత్రం బాణం తిక్కతిక్కగా తిరుగుతుంది. కొత్త ఊళ్లలో దారి చూసుకుంటూ తిరిగే అలవాటుంటే అది ఉన్న ఫోనే కొనండి.

కొన్న రోజే పరీక్ష చేయాలంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని ఆరుబయట నిలబడండి. ఒకటి రెండు నిమిషాల్లో పది ఉపగ్రహాలకు మించి వాడకంలో కనిపించాలి. ఒక్కో ఉపగ్రహం వరుసలో ఎల్1, ఎల్5 అని కూడా చూపిస్తుంది కాబట్టి కంపెనీ మాట నిజమో కాదో తేలిపోతుంది. షాపు లోపల స్లాబు కింద చూసి ఫోన్ పాడైందని అనుకోకండి.

ప్ర: అన్నా, మూడు నెలల కింద కొన్న ఫోన్ ఇది. అనంతపురం నుంచి తాడిపత్రి రోడ్డులో పోతా ఉంటే సగం రికార్డు అవుతుంది, ఆపైన మ్యాపులో పొలాలకడ్డంగా ఒకే గీత. దూరం కూడా తక్కువ చూపిస్తుంది. వేరే ఫోన్ కొనాల్నా?
– ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జ: వద్దు తమ్ముడూ. మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువ, తప్పు చాలాసార్లు జీపీఎస్‌ది కాదు. తెర ఆరగానే బ్యాటరీ ఆదా చేయాలని ఫోన్ నీ యాప్‌ను నిద్రపుచ్చుతోంది. మళ్లీ తెర వెలిగించేదాకా యాప్‌కు నువ్వు ఎక్కడున్నావో తెలియదు. తెలిశాక పాత చోటునూ కొత్త చోటునూ తిన్నగా కలిపేస్తుంది. వంకరలన్నీ పోయి దూరం తగ్గేది అందుకే.

సెట్టింగ్స్‌లో యాప్స్‌కు పోయి, రికార్డు చేసే యాప్ తెరిచి, బ్యాటరీ అన్నచోట ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టు. రెడ్‌మీ, పోకో ఫోన్లలో ఇది ‘నో రిస్ట్రిక్షన్స్’ అని ఉంటుంది, వాటిలో ‘ఆటోస్టార్ట్’ కూడా ఆన్ చేయాలి. లొకేషన్ అనుమతిలో ‘ప్రిసైజ్ లొకేషన్’ ఆన్‌లో ఉందో లేదో చూడు. రైడ్‌కు ముందు బ్యాటరీ సేవర్ తప్పనిసరిగా ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు తెర ఆరగానే లొకేషన్‌నే కట్టేస్తాయి. ఇటీవలి యాప్‌ల జాబితాలో ఆ యాప్ మీద నొక్కిపట్టి తాళం గుర్తు పెట్టు. ర్యామ్ శుభ్రం చేస్తామనే క్లీనర్ యాప్ ఏదన్నా ఉంటే తీసెయ్, అవి చేసే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇవన్నీ అయ్యాక తెర ఆర్పేసి రెండు కిలోమీటర్లు తొక్కి చూడు. గీత రోడ్డు వెంటే వస్తే పని అయినట్టే. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ సెట్టింగులు మళ్లీ చూసుకో, కొన్నిసార్లు మొదటికొస్తాయి. అప్పటికీ తెగిపోతుంటే ఓపెన్‌ట్రాక్స్ అనే ఉచిత యాప్‌లో అదే దారి రికార్డు చెయ్. అందులో సరిగ్గా వస్తే లోపం నీ పాత యాప్‌ది, అందులోనూ తెగితే ఫోన్‌ది.

ప్ర: కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కాం. నా ఫోన్‌లో ఎక్కిన ఎత్తు ఒకటి, మా బావ ఫోన్‌లో ఇంకొకటి. పైగా ఇంటి దగ్గర నిలబడితే నా యాప్ 50 మీటర్లు అంటుంది. కడప ఎత్తు 138 మీటర్లని చదివాను. ఎవరిది నిజం?
– ఒక ఉపాధ్యాయుడు, కడప

జ: రెండు వేరు వేరు సంగతులు ఇవి. మొదట 50 మీటర్ల ముచ్చట. జీపీఎస్ ఎత్తును సముద్రమట్టం నుంచి కొలవదు. భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నున్నటి బంతి ఆకారంగా ఊహించుకుని ఆ ఊహారేఖ నుంచి కొలుస్తుంది. దక్షిణ భారతంలో అసలు సముద్రమట్టం ఆ రేఖకు 80 మీటర్లకు పైగా కిందుంటుంది. ఆ తేడాను సరిచేయని యాప్ కడపలో 50 చూపించడం లెక్క ప్రకారం సరైనదే. అనంతపురంలోనూ సుమారుగా అంతే తగ్గించి చూపిస్తుంది. తేడా దారి పొడవునా దాదాపు ఒకటే కాబట్టి ఎక్కిన ఎత్తు లెక్క దీనివల్ల మారదు.

బావగారితో తేడా రావడానికి కారణం బారోమీటర్ లేకపోవడం. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు కొలిచే ఆ సెన్సర్ ఈ ధర ఫోన్లలో సాధారణంగా ఉండదు. అది లేనప్పుడు జీపీఎస్ ఎత్తు కూర్చున్నచోటే పది మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది, యాప్ ఆ ఊపులన్నీ కూడితే చదును రోడ్డు మీద కూడా కొండెక్కినట్టు వస్తుంది. స్ట్రావా లాంటి రైడ్ రికార్డు యాప్‌లు బారోమీటర్ లేని ఫోన్లకు తమ దగ్గరున్న ఎత్తుల పటం నుంచి లెక్కగడతాయి. అది కొంత నయం. ఇద్దరూ ఒకే యాప్ వాడండి, అప్పుడు పందెం న్యాయంగా ఉంటుంది.

ప్ర: ఎండాకాలం హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ బాగా వేడెక్కి, తెర మసకబారి, ఒకసారి ఆగిపోయింది. మోటార్ సైకిల్‌కు కూడా అదే స్టాండు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జ: ఫోన్లు చాలావరకు 35 డిగ్రీల లోపు వాతావరణానికి తయారైనవి. మన ఎండలు 40 దాటుతాయి. దానికి తోడు సూటి ఎండ, వెలిగి ఉన్న తెర, జీపీఎస్ అన్నీ కలుస్తాయి. వేడెక్కగానే తెర వెలుగు తగ్గించుకోవడం, ఛార్జింగ్ ఆపేయడం ఫోన్ తన్ను తాను కాపాడుకునే పద్ధతి. తెర ఆర్పి, చిన్న జిప్ కవర్లో వేసి వీపు సంచిలోనో వెనక జేబులోనో పెట్టుకోండి. రికార్డుకు అది సరిపోతుంది, కిలోమీటరుకోసారి వేగం చెవిలో చెప్పే ఏర్పాటు చాలా యాప్‌లలో ఉంది. ఎండలో రికార్డు నడుస్తుండగా పవర్ బ్యాంక్ తగిలించకండి. 45 డిగ్రీలు దాటిన లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. స్టాండే కావాలంటే కొనేముందు హ్యాండిల్ రాడ్డు మందం కొలవండి. పట్టుకునేచోట 22.2 మిల్లీమీటర్లు ఉంటుంది, మధ్యలో 25.4 గానీ 31.8 గానీ ఉంటుంది. సిలికాన్ పట్టీలు ఎండకు పగులుతాయి, అప్పుడప్పుడు లాగి చూసుకోండి.

మోటార్ సైకిల్‌కు ఆ స్టాండు వద్దు. ఇంజిన్ అదురుకు కెమెరాలో బొమ్మ కదలకుండా చూసే భాగాలు, ఫోకస్ భాగాలు దెబ్బతినవచ్చని యాపిల్ 2021లో తన ఐఫోన్ల గురించే హెచ్చరించింది. అదురును పీల్చుకునే రబ్బరు డ్యాంపర్ ఉన్న స్టాండు కొనండి, లేదా ఫోన్ జేబులోనే ఉంచండి.

ప్ర: ఆత్మకూరు దాటి నల్లమలలో పోతే సిగ్నల్ ఉండదు. రికార్డు అవుతుందా? ఇంకొకటి, సెకండ్‌హ్యాండ్ ఫోన్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జ: అవుతుంది. జీపీఎస్‌కు సిమ్ గానీ నెట్ గానీ అక్కర్లేదు. ఇబ్బందల్లా మొదట్లోనే. నెట్ ఉంటే ఉపగ్రహాల కక్ష్యల సమాచారం క్షణాల్లో దిగుతుంది. లేకపోతే ఉపగ్రహం నుంచే నేరుగా రావాలి, అది సెకనుకు 50 బిట్ల నత్తనడకన వస్తుంది కాబట్టి ఒక్కో ఉపగ్రహానికి దాదాపు అర నిమిషం పడుతుంది. చెట్ల కింద ఇంకా ఆలస్యం. అందుకే ఊళ్లో ఉండగానే యాప్ తెరిచి, జీపీఎస్ దొరికాక బయల్దేరండి. మ్యాప్ కూడా చూడాలంటే ఓస్మాండ్ అనే మ్యాప్ యాప్‌లో ఆంధ్రప్రదేశ్ పటం ఇంట్లోనే వైఫైతో దించుకోండి.

పాత ఫోన్ తీసుకోవచ్చు. కానీ డబ్బు ఇచ్చేముందు స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) చూడండి. కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్ అయిన ఫోనయితే జవాబులో తెలిసిపోతుంది. తర్వాత అమ్మేవాణ్ణి పక్కన పెట్టుకునే ఆరుబయట జీపీఎస్‌టెస్ట్ తెరవండి, తెర ఆర్పి పదిహేను నిమిషాలు రికార్డు చేయించి బ్యాటరీ ఎంత దిగిందో చూడండి. ఆ కాసేపట్లోనే పది శాతం దిగితే బ్యాటరీ మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.