తొండి చేయలేని ఆట ఇంటికి పనికిరాదు

"ఇంట్లోవాళ్లు ఒకరికొకరు దగ్గరవ్వాలంటే బోర్డు గేములు మేలా, వీడియో గేములా?" అని అడిగారు. నన్నడిగితే, తొండి చేయడానికి వీలున్న ఆటే మేలు. ఆ లెక్కన నా ఓటు బోర్డు గేములకే.

వీడియో గేములు ఆడకుండా చెప్తున్న మాట కాదిది. మేముండేది బెంగళూరులో. మా బావమరిది ఇంట్లో పెద్ద టీవీకి తగిలించిన ఫుట్‌బాల్ గేము మా పదమూడేళ్లవాడితో ఆడాను. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో నాకు తెలిసేలోపు ఏడు గోల్స్ కొట్టాడు. ఎనిమిదోది కొట్టకుండా ఆగి, "నాన్నా, నువ్వు ఊరికే చూస్తుండు" అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది. జాలిపడ్డాడు.

ఫోన్లో లూడో కూడా అంతే. 2020 లాక్‌డౌన్‌లో నలుగురం నాలుగు మూలల కూర్చుని ఆడాం. మన పచ్చీసునే కాస్త మార్చి 1890లలో ఇంగ్లండులో లూడో అని పేటెంట్ తీసుకున్నారు, ఇప్పుడు మనం యాడ్స్ చూసుకుంటూ దాన్నే ఆడుతున్నాం. పాచిక వేసేదీ ఫోనే, లెక్క చూసేదీ ఫోనే. ఇంక పోట్లాడేదెవరితో?

పోయిన మే నెలలో కడపలో మా అమ్మ దగ్గరున్నప్పుడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ అప్పటికే చచ్చింది. ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమ్మ సుద్దముక్క తీసుకుని వసారాలో కడప బండ మీద అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీసింది. అష్టాచెమ్మా. గవ్వలు వెతికితే మూడే దొరికాయి. సరే, నాలుగు చింతగింజలు తెచ్చి ఒక పక్క బండకేసి రుద్దమంది. మావాడు కూర్చుని రుద్దాడు. గింజ వేడెక్కి వేలు చురుక్కుమంటే నోట్లో పెట్టుకుని, మళ్లీ రుద్దాడు. పొట్టు పోయి తెల్లటి పప్పు కనపడేసరికి పావుగంట పట్టింది.

తెల్లవైపు నాలుగూ పైకి పడితే చెమ్మ, నాలుగు. ఒక్కటీ పడకపోతే అష్టా, ఎనిమిది. ఏది పడినా మళ్లీ పందెం. అమ్మకు వరసగా అష్టాలే. మూడోసారికి మావాడు కనిపెట్టాడు, ఆమె గింజలు విసరడం లేదు, అరచెయ్యి నేలకు ఆనించి మెల్లగా జారవిడుస్తోంది.

"జేజీ, తొండి!"

"తొండి గాదు నాయనా, చేతివాటం."

ఆడేది నలుగురే కాబట్టి నేను తీర్పరిని. నా తీర్పు ఎవరూ వినలేదు. ఇంతలో మా తొమ్మిదేళ్ల పాప కాయ పండటానికి రెండు గళ్లుందనగా అమ్మ చంపేసింది. పాప ఏడ్చుకుంటూ పోయి తులసికోట దగ్గర కూర్చుంది. "అత్తా, చిన్నపిల్ల గదా, ఇడిచిపెట్టరాదా" అంది నా భార్య. అమ్మ అప్పటికే తర్వాతి పందెం వేసేసింది. పది నిమిషాలకు పాపే తిరిగొచ్చి, జేజి కాయను చంపేదాకా లేవనని బాసింపట్టు వేసుక్కూర్చుంది.

ఈమధ్య వేలు పోసి అట్టపెట్టెల బోర్డు గేములు కొంటున్నారు. రూల్సు చదివి అర్థం చేసుకునేసరికి పిల్లలకు ఆవలింతలు. అయినా రూల్సన్నీ పుస్తకంలోనే ఉంటే ఇంక గొడవేముంది?

కరెంటు వచ్చింది. అబద్ధమెందుకు, మావాడు మొదట పరిగెత్తింది ఫోను చార్జింగ్ పెట్టడానికే. తిరిగొచ్చేసరికి వాడి కాయ ఒక గడి వెనక్కి ఉంది. అందరం అక్కడే ఉన్నాం, ఎవరూ చూడలేదు. దేవుని కడప స్వామి మీద ఒట్టెయ్యమన్నాడు. "ఇంతదానికి సామినెందుకు లాగుతావురా" అంది అమ్మ.

అంతకుముందు జేజికి ఫోన్ చేసిస్తే "బాగుండావా జేజీ" అనేసి నా చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మొదటి మాటే "నా కాయ ఎందుకు జరిపినావ్?" అక్కడినుంచి అరగంట.

"గాలికి జరిగింటాదిలేరా" అంటుంది అమ్మ.

మే నెలలో, కడపలో, గాలి!