‘చూసుకో’ అన్నారు, ఏం చూడాలో చెప్పలేదు

మాది పలాసలో చిన్న జీడి పరిశ్రమ. ఇరవై ఐదు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. తిత్లీ తుపానుకి రేకులన్నీ ఎగిరిపోతే అప్పులు చేసి మళ్లీ నిలబెట్టుకున్నాం. రెండేళ్ల కిందట మావారికి పక్షవాతం వచ్చింది, మాట తడబడుతుంది. అప్పటి నుంచి నేనే నడుపుతున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చిన మా అబ్బాయికి గ్రేడింగ్, ప్యాకింగ్ చూసుకోమని అప్పజెప్పాను. ఈమధ్య వాడు పంపిన 240 గ్రేడ్ టిన్నుల్లో బద్దలు ఎక్కువున్నాయని వ్యాపారి సరుకు వెనక్కి పంపేశాడు. పనివాళ్ల ముందే తిట్టేశాను. ‘ఏటమ్మా, చెప్పింది చేసినా తప్పేనా?’ అని వెళ్లిపోయాడు. పన్నెండు రోజులుగా మాటల్లేవు. మళ్లీ హైదరాబాద్ పోతానంటున్నాడు. అన్నీ నేనే చేసుకుంటే ఒంట్లో ఓపిక లేదు, వాడికి వదిలితే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పలాస

అమ్మా, మీ అబ్బాయి అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ‘చెప్పింది చేసినా’ అన్నాడు. మీరు ఏం చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉత్తరంలో మీరే రాశారు, ‘చూసుకోమని’ అని.

చూసుకో అంటే మీ మనసులో చాలా ఉంది. బల్ల దగ్గర నిలబడాలి, దోసెడు పప్పు తీసి బద్దలెన్నో చూడాలి, ఎక్కడైనా పొట్టు మిగిలిందా, రంగు మాడిందా, తేమ ఉందా అని పరికించాలి, టిన్ను మూత వేసే ముందు ఇంకోసారి తిప్పి చూడాలి. ఆ కుర్రాడికి మాత్రం పనివాళ్లు వచ్చారా, తూకం సరిపోయిందా, లారీ వేళకి బయల్దేరిందా అన్నట్టే వినబడి ఉంటుంది. అవన్నీ చేశాడు కూడా. అందుకే అంత నొచ్చుకున్నాడు.

ఇందులో మీ తప్పు వెతకడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి పోయాక ఉద్దానంలో ఎవరికీ ఒకరికొకరు వివరించుకునే తీరిక లేదు. మీరూ మీవారూ కళ్లతోనే మాట్లాడుకుంటూ పరిశ్రమని లేవదీసుంటారు. ఆ కంటిచూపు మాట మీ ఇద్దరి మధ్య ఎన్నో ఏళ్లకి కుదిరింది. నిన్న మొన్న వచ్చిన పిల్లాడికి అది తెలిసే దారి లేదు.

నిజానికి మీ వ్యాపారంలోనే దీనికి మందుంది. 240 గ్రేడ్ అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండు పప్పులు తూగాలి. వ్యాపారితో మీరెప్పుడూ ‘మంచి పప్పు పంపుతాం’ అని బేరం మాట్లాడరు, అంకె చెబుతారు. ఆ అంకె ఇంట్లో కొడుక్కీ చెప్పండి. కిలోకి బద్దలు ఎంతవరకు ఉంటే వ్యాపారి ఒప్పుకుంటాడో, ఒక టిన్నుకి ఎన్నిచోట్ల నుంచి పప్పు తీసి చూడాలో, తేడా వస్తే ఎవరు ఆపాలో ఒక నోటుపుస్తకంలో రాయించండి. మీరు రాయకండి, వాడి చేత వాడి మాటల్లో రాయించండి. చదివితే ఎక్కడ వేరేలా అర్థం చేసుకున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

ఇక వాడి చేతికి ఏది ఇస్తున్నారు, ఏది ఇవ్వడం లేదు అన్నది కూడా విడమరిచి చెప్పండి. జీడిపిక్కల కొనుగోలు ఇప్పుడే అప్పజెప్పకండి. సీజన్లో కొన్న బస్తాల మీదే మీ ఏడాది పెట్టుబడంతా ఉంటుంది, వచ్చే సీజనుకి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. గ్రేడింగ్ బల్ల మాత్రం పూర్తిగా వాడిదే. పప్పు బాగోలేదని లోడు ఆపే హక్కు కూడా ఇవ్వండి. ఆ హక్కు లేకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే మాట పడటానికి తప్ప వాడక్కడ ఎందుకూ ఉండనట్టే.

అన్నింటికన్నా కష్టమైనది ఇప్పుడు చెబుతున్నాను. రేపు మేస్త్రి అలవాటు కొద్దీ మీ దగ్గరికే వచ్చి ‘ఏ టిన్నులో పొయ్యమంటారు?’ అని అడుగుతుంది. జవాబు మీ నోటి చివర్నే ఉంటుంది. చెప్పకండి. ‘అబ్బాయిని అడుగు’ అనండి, రోజుకి పదిసార్లయినా సరే. మీరు ఒక్కసారి జవాబిస్తే ఆ బల్ల మళ్లీ మీదైపోతుంది, వాడు ఊరికే నిలబడాల్సి వస్తుంది. పూర్తిగా కళ్లు మూసుకోమనడం లేదు. టిన్ను మూత పడే ముందు ఒకసారి, శనివారం సాయంత్రం లెక్కలప్పుడు ఒకసారి చూస్తానని ముందే చెప్పి, ఆ వేళకే చూడండి. మధ్యలో వెనక నుంచి తొంగిచూస్తే నమ్మడం లేదని వాడికి ఇట్టే తెలిసిపోతుంది.

తిట్టిన సంగతి. నలుగురిలో అన్న మాటకి వంటింట్లో చెప్పే సారీ చాలదు. వెనక్కొచ్చిన సరుకు మళ్లీ గ్రేడింగ్ చేయించే పని, వ్యాపారికి ఫోన్ చేసి మాట్లాడే పని పనివాళ్లు చూస్తుండగా వాడికే అప్పగించండి. ‘నేను సరిగ్గా చెప్పలేదు, ఈసారి వీడు చెప్పినట్టు చేయండి’ అని వాళ్ల ముందే అనండి. మీకు చిన్నతనం అనిపించొచ్చు. ఆ ఇరవై ఐదు మందీ రేపటి నుంచి వాడి మాట వినాలంటే ఇంతకన్నా దగ్గరి దారి నాకు తోచడం లేదు.

హైదరాబాద్ మాట వేరే రోజు అడగండి. వాడికి నిజంగా అక్కడి ఉద్యోగమే ఇష్టమైతే వెళ్లనివ్వాలి, మీకు తోడుగా జీతానికి ఒక మనిషిని చూసుకోవాలి. కానీ నాలుగు టిన్నులు వెనక్కొచ్చాయన్న కోపంలో వెళ్లకూడదు.

ఒక్క కోరిక. మీవారిని రోజూ ఓ అరగంట గ్రేడింగ్ బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మాట తడబడినా పప్పు చూసే కన్ను ఎక్కడికీ పోయి ఉండదు. పనిచేసే చేత్తో ఆయన ఒక్కో పప్పూ తీసి పక్కన పెడుతుంటే, ఎందుకు తీశారో అబ్బాయి అడిగి ఆ నోటుపుస్తకంలోనే రాసుకుంటాడు. మీరు ఆ అరగంట అక్కడ ఉండొద్దు. ఇంటికెళ్లి కాసేపు నడుం వాల్చండి.