బందరులో ఓడలు కనిపిస్తాయా?

ప్రశ్న: వచ్చే నెల మచిలీపట్నంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రికి, పగలంతా ఖాళీయే. రేవు పట్నం కదా, పిల్లలకి ఓడలు చూపిద్దామనుకుంటున్నాం. లడ్డు కాక ఇంకేముందండీ అక్కడ?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఓడల కోసమైతే విశాఖ వెళ్లండమ్మా. మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి గానీ, మా ఊరి సముద్రానికి మొదట్నుంచీ లోతు తక్కువ. గోల్కొండ సుల్తానులకు ఇదే పెద్ద రేవుగా ఉన్న రోజుల్లోనూ ఓడలు దూరాన లంగరేసుకునేవి, సరుకు పడవల్లో ఒడ్డుకొచ్చేది. అయినా డచ్చివాళ్లు వచ్చారు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషువాళ్లూ దిగారు. దేనికనుకున్నారు? మన అద్దకం బట్టల కోసం!

అందుకని పొద్దున్నే పెడన వెళ్లండి, పది కిలోమీటర్లు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగులో టేకు అచ్చు ముంచి కొడతారు. పటిక అద్దిన చోట ఉడకబెట్టాకగానీ ఎరుపు తేలదు. పిల్లలు ఆ రంగు మారడం చూశారంటే అక్కణ్ణుంచి కదలరు. చీర బేరం మాత్రం మీరే చూసుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు ఊళ్లో డచ్చివాళ్ల సమాధులు చూడండి. రాతి పలకల మీద అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి, వేలితో తడిమి చదవొచ్చు. ఓపికుంటే బందరుకోట శిథిలాలకీ వెళ్లండి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మద్రాసు ఎదిగాక ఎలాగూ తగ్గిపోతున్న వ్యాపారం, ఆ దెబ్బతో ఇక కోలుకోలేదు. ఉప్పెనంటే ఇప్పటివాళ్లకి 1977 దివిసీమదే గుర్తు, దీన్ని తలిచేవాళ్లు తక్కువ.

చిలకలపూడి పాండురంగడి గుడి దారిలోదే. మంగినపూడి బీచికి సాయంత్రం వెళ్తే పెళ్లికి ఆలస్యమవుతుంది, మానేయండి.

ఇక లడ్డు. దుకాణంలో ‘తొక్కుడు లడ్డు’ అనే అడగండి. శనగపిండి పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంతో నేతితో మళ్లీ దంచి చేసేది అది. ముందు ఒకటి నోట్లో వేసుకోండి, నాలుక మీద పలుకు తగిలితే పక్క కొట్టుకి పదండి.